‘ఒరేయ్’ అనేవాళ్లు

తెలుగునాట కాలేజీ స్నేహాలను ‘బ్యాచ్’ లెక్కన చెప్పుకుంటారు. ఒకే ఏడాది చేరి, ఒకే గదిలో హాజరు పలికి, ఒకే హాల్లో పరీక్షలు రాసినవాళ్లంతా ఒక బ్యాచ్. ఏ సంవత్సరం పేరు పెట్టుకోవాలన్న దగ్గర మాత్రం ఒక్కో చదువుది ఒక్కో అలవాటు. వైద్య కళాశాలల వాళ్లు మామూలుగా చేరిన ఏడాదితో చెప్పుకుంటారు. ‘డెబ్బై ఎనిమిది బ్యాచ్’ అంటే 1978లో ఎంబీబీఎస్ సీటు వచ్చినవాళ్లు. మధ్యలో ఎనాటమీ తప్పి ఏడాది వెనకబడ్డవాడు కూడా అదే బ్యాచ్ కింద లెక్క. ఇంజినీరింగు, డిగ్రీ వాళ్లు ‘82-86’ అంటూ రెండు కొసలూ చెబుతారు. చదువుతున్నంతకాలం బ్యాచ్ అంటే రోల్ నంబర్ల వరస, అంతే. చుట్టరికంలాంటి బరువు దానికి పాతికేళ్లకో, ముప్ఫయ్యేళ్లకో వస్తుంది.

ఆ బరువేమిటో పిలుపులో తెలుస్తుంది. యాభై దాటిన మనిషి ఆఫీసులో ‘సార్’, వీధిలో ‘గారు’, ఇంట్లో నాన్న, మావయ్య, తాతయ్య. ‘ఒరేయ్’ అనే చనువున్న అమ్మానాన్నలు, మేనమామలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటారు. మిగిలేది ఎక్కువగా క్లాస్‌మేట్లే. రిటైరైన జడ్జిగారిని ‘ఏరా’ అనీ, ముగ్గురు మనవల అమ్మమ్మను ‘ఏమే’ అనీ వాళ్లే పిలవగలరు. పైగా పూర్తి పేరుతో కాదు. ఒకే తరగతిలో నలుగురు శ్రీనివాసరావులు ఉన్నప్పుడు ఒకడు పొడుగు శ్రీను, ఇంకొకడు తెనాలి శ్రీను, మూడోవాడికి పెట్టిన పేరు భార్యాపిల్లల ముందు పలకడానికి వీల్లేనిది అయ్యుంటుంది.

కాలేజీ వయసు జ్ఞాపకాలు మిగతావాటికంటే గట్టిగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రం కూడా చెబుతోంది. నడివయసు దాటినవాళ్లను తమ జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, దాదాపు పదేళ్లకూ ముప్ఫయ్యేళ్లకూ మధ్య జరిగినవి ఎక్కువగా వస్తాయి. డేవిడ్ రూబిన్, ఆయన సహ పరిశోధకులు 1986లో ఈ సంగతిని గ్రాఫుగా గీసి చూపించారు. ఇటీవలి సంవత్సరాలను పక్కన పెడితే, గీత ఆ వయసు దగ్గర గుట్టలా లేస్తుంది. మొదటిసారి ఇల్లు వదలడం, మొదటిసారి సొంతంగా డబ్బు ఖర్చుపెట్టడం, మొదటి ప్రేమ, మొదటి ఓటమి అన్నీ అప్పుడే కావడం ఒక కారణమంటారు. ‘నేను ఫలానా’ అనే ఊహ మనిషిలో ఆ వయసులోనే కుదురుకోవడం ఇంకో కారణం. హాస్టల్ మెస్‌లో సాంబారు రుచి నలభై ఏళ్ల తర్వాత కూడా చెప్పగలిగినవాడు పోయినేడాది తిన్న పెళ్లిభోజనం చెప్పలేడు.

అయితే జ్ఞాపకం వేరు, రాకపోకలు వేరు. మనుషుల స్నేహవలయాల మీద చాలాకాలం పనిచేసిన రాబిన్ డన్‌బార్ ఒక తేడా చూపిస్తారు. చుట్టరికం పలకరింపు లేకపోయినా చాలావరకు నిలుస్తుంది, స్నేహం మాత్రం మాటామంతీ లేకపోతే కొన్ని నెలల్లోనే పలచబడుతుంది. మేనత్త కొడుకుతో పదేళ్లు మాట్లాడకపోయినా అతను మేనత్త కొడుకే. రూమ్మేట్ విషయంలో ఆ హామీ లేదు. అంటే దశాబ్దాల తర్వాత కూడా ఒక బ్యాచ్ కలిసి ఉందంటే దాని వెనక ఎవరో పని చేసి ఉండాలి.

అమెరికాలో ఈ పని కాలేజీలే నెత్తినేసుకున్నాయి. మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం 1821లో పుట్టింది. అక్కడి పాత విద్యాసంస్థల్లో ప్రతి తరగతికీ ఒక కార్యదర్శి ఉంటాడు. ఎవరికి పెళ్లయింది, ఎవరు ఏ ఊరికి మారారు, ఎవరు పోయారు అన్నది అతను సేకరిస్తే కాలేజీ పత్రిక చివరి పేజీల్లో తరగతుల వారీగా అచ్చవుతుంది. హార్వర్డ్‌లో ఐదేళ్లకొకసారి ప్రతి తరగతీ తన సభ్యులు సొంతంగా రాసి పంపిన జీవిత విశేషాలతో ఒక పుస్తకం వేస్తుంది. ఎర్ర అట్ట వల్ల దాన్ని ‘రెడ్ బుక్’ అంటారు.

తెలుగు కాలేజీలకు వయసు తక్కువేం కాదు. మచిలీపట్నం నోబుల్ కాలేజీ మూలాలు 1843 నాటివి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ మూలాలు 1853 నాటివి. హైదరాబాద్ నిజాం కాలేజీ 1887లో, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలయ్యాయి. పూర్వ విద్యార్థుల సంఘాలు ఇక్కడా ఉన్నాయి. కానీ చాలాచోట్ల కాలేజీకీ విద్యార్థికీ ఉన్న సంబంధం టీసీ చేతికిచ్చిన రోజుతో సరి. ఎవరెక్కడున్నారో రాసిపెట్టుకునే బాధ్యత ఏ ఆఫీసుకూ లేదు. దాంతో ఆ పని బ్యాచ్‌లో ఎవరో ఒకరి స్వభావం మీద ఆధారపడింది. అతను తరగతిలో మొదటి ర్యాంకరు అయ్యుండక్కర్లేదు, నాయకుడూ కానక్కర్లేదు. తరచుగా బ్యాంకులోనో, ఎల్ఐసీలోనో, ఉన్న ఊరి కాలేజీలోనో పనిచేస్తూ, ఊరు వదలని మనిషి. ఎవరు వచ్చినా ముందు అతనికి ఫోన్ చేస్తారు. ఈ తరహా మనిషి లేని బ్యాచ్‌లు వాట్సాప్ వచ్చాక కూడా పెద్దగా అతుక్కోలేదు.

ఫోన్లకు ముందు కాలంలో చివరి సంవత్సరపు ఆస్తి రెండు వస్తువులు. ఒకటి గ్రూప్ ఫొటో. కింద అట్టమీద నిలబడిన వరస, కూర్చున్న వరస అంటూ పేర్లు ముద్రించి ఉంటాయి. రెండోది ఆటోగ్రాఫ్ పుస్తకం. గులాబీ, పసుపు, లేతాకుపచ్చ కాగితాల మీద ఒక కవితాపంక్తి, ఒక సంతకం, కింద ‘పర్మనెంట్ అడ్రస్’. ఆ పర్మనెంట్ అడ్రస్ నిజానికి తండ్రిది. ‘కేరాఫ్’ తర్వాత తండ్రి పేరు, వీధి, పోస్టు, తాలూకా, జిల్లా. కొడుకు ఏ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నా ఉత్తరం ఊరికి చేరితే తండ్రి కొత్త చిరునామా రాసి మళ్లీ పోస్టులో వేసేవాడు. తండ్రి పోయి, ఊళ్లో ఇల్లు అమ్మేశాక ఆ దారి మూసుకుపోయేది. చాలా స్నేహాలు తెగింది మనస్పర్థల వల్ల కాదు, ఇలా చిరునామా చచ్చిపోవడం వల్ల. అమ్మాయిల దగ్గర ఆ దారి మొదట్నుంచే ఇరుకు. 1970ల ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో అబ్బాయిలకు ఒక మంచి మాట, ఒక సంతకం దక్కితే గొప్ప. చిరునామా రాసేవాళ్లు అరుదు.

ఉత్తరాలకు కార్డు, ఇన్‌లాండ్ లెటరు. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది, మడతపెట్టి అంటించే ఇన్‌లాండ్ 1950లో. మొదటి రెండేళ్లు నెలకొకటి, తర్వాత సంక్రాంతికి గ్రీటింగు, ఆపైన శుభలేఖ. నాలుగు మూలలా పసుపు రాసి బుక్‌పోస్టులో వేసిన శుభలేఖే ఆ కాలంలో జీవిత సమాచారానికంతటికీ ప్రధాన వాహనం. దాన్ని చదవడం కూడా ఒక విద్య. వరుడి పేరు పక్కన డిగ్రీ, కింద ఉద్యోగం, అటువైపు వియ్యంకుల ఊరు చూస్తే మిత్రుడి గత నాలుగేళ్లూ అర్థమయ్యేవి. పెళ్లికి వెళ్లలేనివాళ్లు టెలిగ్రామ్ ఇచ్చేవారు. తంతి శాఖ శుభాకాంక్షలకు నంబర్లు ఇచ్చింది కాబట్టి వాక్యం రాయక్కర్లేదు, నంబరు రాస్తే అవతల వాక్యం అచ్చయి చేరేది. 2013 జులైలో దేశంలో టెలిగ్రామే ఆగిపోయింది.

పాతికేళ్ల వయసు నుంచి నలభై ఐదు దాకా చాలా బ్యాచ్‌ల చరిత్రలో ఖాళీ పేజీలు. ఉద్యోగం, బదిలీలు, ఇంటి అప్పు, పిల్లల ఎంసెట్. దూరం కూడా అప్పుడే పెరిగింది. 1965 చట్టంతో అమెరికా దేశాలవారీ వలస కోటాలు ఎత్తేశాక గుంటూరు, విశాఖ, కర్నూలు, హైదరాబాద్ వైద్య కళాశాలల నుంచి డాక్టర్లు బ్యాచ్‌లకు బ్యాచ్‌లుగా వెళ్లారు. తొంభైలలో ఇంజినీర్ల వంతు. మొదట్లో ట్రంకాల్ బుక్ చేసి గంటలు ఎదురుచూడాలి. ఎనభైల చివర్లో పసుపు రంగు ఎస్టీడీ బూత్‌లు సందుసందునా వెలిసినా, రాత్రి పొద్దుపోయాక పావు రేటు మొదలయ్యేదాకా అక్కడ వరసలో నిలబడ్డవాడు ముందు ఇంటికి చేసేవాడు. మిత్రుడి వంతు వచ్చేసరికి జేబు ఖాళీ.

1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చాక అతుకు పని మొదలైంది. విదేశాల్లో ఉన్నవాళ్లు ముందు ఈమెయిల్ జాబితాలు, యాహూ గ్రూపులు పెట్టుకున్నారు. ఆర్కుట్ 2004లో వచ్చి 2014లో మూతపడింది. ఫేస్‌బుక్ 2006లో అందరికీ తెరుచుకుంది. వీటిలో వెతకడానికి పేరు తెలియాలి, తెలుగు పేరుకు అదే పెద్ద చిక్కు. హాజరుపట్టీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. అమెరికా కాగితాల్లో ఆ ఇంటిపేరు పూర్తిగా విప్పుకుని చివరికి పోతుంది, శ్రీనివాసరావు కాస్తా ‘శ్రీని’ అవుతాడు. ‘కె. శ్రీనివాసరావు’ కోసం వెతికేవాడికి ఆ శ్రీని దొరకడు. ఆడవాళ్లలో చాలామందికి పెళ్లితో ఇంటిపేరే మారుతుంది, కొందరికి ఊరూ ఉద్యోగమూ కూడా. అందుకే దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ చివరిదాకా దొరకనివాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. వాళ్లు దొరికేది కూడా కంప్యూటర్ వల్ల కాదు. ‘మా వదినవాళ్ల కాలనీలో ఉందట’ అనే మాట పట్టుకుని వెళితే దొరుకుతారు.

వెతుకులాట ఇలాగే సాగుతుంది. ఊరు వదలని ఆ మనిషి గ్రూప్ ఫొటో ముందు పెట్టుకుని, నోట్‌బుక్‌లో రోల్ నంబర్లు వరసగా రాసి, తెలిసినవాటికి టిక్కు పెడతాడు. తెలియనివాటికి ఊళ్ల వారీగా ఎవరో ఒకరికి బాధ్యత. ఒకడు భీమవరం చూస్తాడు, ఒకడు ఖమ్మం. పది నంబర్లు యాభై కావడానికి ఒక వారం పట్టొచ్చు. చివరి పది దొరకడానికి రెండేళ్లు పడుతుంది. దొరికినవాళ్లంతా చేరేది వాట్సాప్ గ్రూపులో. 2009లో మొదలైన వాట్సాప్, గ్రూపు సభ్యుల పరిమితిని 2014లో 100కి, 2016లో 256కి, 2022లో 1,024కి పెంచింది. నూట యాభై మంది వైద్య విద్యార్థుల బ్యాచ్ 2016కి ముందు ఒకే గ్రూపులో పట్టేది కాదు. మనిషి నిలకడగా సంబంధం పెట్టుకోగలిగే పరిచయస్థులు సుమారు 150 మంది అని డన్‌బార్ వేసిన అంచనా కూడా అంతే కావడం ఒక కాకతాళీయం.

గ్రూపు పెట్టిన మొదటి పది రోజులు పండుగ. రాత్రి రెండింటిదాకా పాత ఫొటోలు, ‘వీడెవడో చెప్పుకోండి’ అనే పజిళ్లు. తర్వాత ఒక పద్ధతిలో పడుతుంది. పొద్దున్నే పువ్వుల మీద శుభోదయం, పుట్టినరోజులు, ఫార్వర్డులు. ‘రాజకీయాలు వద్దు, మతం వద్దు, కులం వద్దు’ అని అడ్మిన్ పెట్టే నిబంధన దాదాపు అన్ని గ్రూపుల్లోనూ ఉంటుంది, దాదాపు అన్నింటిలోనూ ఎన్నికల ముందు భగ్నమవుతుంది. 2014 జూన్‌లో రాష్ట్రం రెండైనప్పుడు, దానికి ముందు నాలుగైదేళ్లూ, ఒకే హాస్టల్లో కోస్తా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ల మధ్య మాట కరుకెక్కిన సందర్భాలు తక్కువేం కాదు. గ్రూపులో ఒకడు అలిగి వెళ్లిపోతాడు. ఇద్దరు ఫోన్ చేసి బుజ్జగిస్తారు, వారానికి మళ్లీ చేర్చుకుంటారు. పెళ్లిలో అలిగిన బావమరిదికి జరిగే మర్యాద ఇది.

పంచుకునే కబురు వయసును బట్టి మారుతుంది. నలభైలలో ప్రమోషన్, గృహప్రవేశం, కొడుక్కి ఐఐటీ సీటు. యాభైలలో పిల్లల పెళ్లిళ్లు. అప్పట్లో క్లాస్‌మేట్ల మధ్యే వియ్యాలు కుదరడం కూడా కద్దు, ‘ఒరేయ్’ కాస్తా ‘బావగారూ’ అవుతుంది. అరవై దగ్గర పదవీ విరమణ సన్మానం, అమెరికాలో ఎడిసన్‌లోనో డల్లాస్‌లోనో మనవరాలిని ఎత్తుకున్న ఫొటో. ఆపైన మోకాలి ఆపరేషన్, స్టెంటు, షుగర్ రీడింగు. గ్రూపులో ఇద్దరు డాక్టర్లుంటే మిగతావాళ్ల రిపోర్టులన్నీ వాళ్లకే చేరతాయి. ఆసుపత్రి చెప్పిన ఆపరేషన్ నిజంగా అవసరమా అని నిర్మొహమాటంగా అడగగలిగే చోటు అదే. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో కెరటం వచ్చినప్పుడు ఎక్కడ మంచం ఖాళీగా ఉంది, ఎక్కడ ఆక్సిజన్ దొరుకుతుంది అన్న సమాచారం కోసం ఎంతోమంది ముందు తట్టిన తలుపు బ్యాచ్ గ్రూపే.

చెప్పనివి కూడా ఒక జాబితా. కూతురి విడాకులు, వ్యాపారంలో పోయిన డబ్బు, కొడుకు తాగుడు, చాలాకాలంగా లేని ఉద్యోగం. ఇవి గ్రూపులోకి రావు, విడిగా ఒకరిద్దరికి వెళ్తాయి. అందుకే ప్రతి పెద్ద గ్రూపు కడుపులో చిన్న గ్రూపులుంటాయి. హాస్టల్ గది వాళ్లది ఒకటి, అమ్మాయిలది ఒకటి, ఫలానా మనిషి లేకుండా పెట్టుకున్నది ఒకటి. నంబరు దొరికినా చేరనివాళ్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. డిగ్రీ పూర్తికానివాడు, తరగతిలో వెలిగి తర్వాత ఆరిపోయాననుకునేవాడు, ఆ కాలేజీ రోజుల్లో ర్యాగింగో అవమానమో తప్ప మరేదీ గుర్తులేనివాళ్లు. ‘బిజీగా ఉన్నాను రా’ అన్న మాట వెనక చాలాసార్లు ఇవే ఉంటాయి. కార్ల ఫొటోలు, విదేశీ యాత్రల ఫొటోలు వరసపెట్టేవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తడుతుంది, కొందరికి తట్టదు.

పలకరిస్తే అవతలివాడు ఏమనుకుంటాడో అన్న సంకోచం ఇంకా పెద్ద అడ్డు. ఆ సంకోచం అనవసరమని చెప్పే ప్రయోగాలున్నాయి. పెగ్గీ లియూ, ఆమె సహచరులు 5,900 మందికి పైగా పాల్గొన్న ప్రయోగాల ఫలితాలను 2022లో ప్రచురించారు. ఊరికే పలకరిద్దామని పంపిన కబురును అవతలివాళ్లు ఎంత ఆనందిస్తారో పంపేవాళ్లు తక్కువగా అంచనా వేస్తున్నారు. అనుకోకుండా వచ్చిన పలకరింపైతే ఆనందం ఇంకా ఎక్కువ. 2011లో డేనియల్ లెవిన్, జార్జి వాల్టర్, కీత్ మర్నిఘన్‌లు చూసింది మరో కోణం. కనీసం మూడేళ్లుగా మాటల్లేని పాత పరిచయస్థులను ఒక పని విషయమై సలహా అడగమని మేనేజర్లకు చెప్పారు. ఆ సలహాలు రోజూ కలిసేవాళ్ల సలహాలంతగానూ, కొన్ని విషయాల్లో అంతకంటే ఎక్కువగానూ పనికొచ్చాయి. పాత నమ్మకం చెక్కుచెదరలేదు, ఈలోగా అవతలి మనిషి మరో లోకం చూసి వచ్చాడు. హార్వర్డ్‌లో 1938లో 268 మంది విద్యార్థులతో మొదలై ఇప్పటికీ సాగుతున్న అధ్యయనం గురించి కూడా ఇక్కడ తరచు చెబుతారు. యాభై ఏళ్ల వయసులో తమ సంబంధాలతో తృప్తిగా ఉన్నవాళ్లు ఎనభైలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారన్నది దాని ఫలితం. అయితే అందులో భార్యాభర్తలు, తోబుట్టువులు, అందరూ కలిసే ఉన్నారు. దాన్ని రీయూనియన్ మహిమగా ప్రచారం చేయడం అతి.

కలయికకు ముహూర్తాలు రెండు. సంక్రాంతి, లేదా విదేశాల వాళ్లు వచ్చే డిసెంబరు చివరి వారం. జనవరి నెల దినపత్రికల జిల్లా పేజీలు తిరగేస్తే ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అన్న శీర్షిక కింద ఒకే రంగు టీషర్టులు, ఒకే రంగు చీరలతో వరుసలు కనిపిస్తాయి. వీటిలో పదో తరగతి బ్యాచ్‌లవే ఎక్కువ. స్కూలు ఒకే ఊరిది కాబట్టి కలవడం తేలిక. కాలేజీ బ్యాచ్ జిల్లాలు దాటి ఉంటుంది, అప్పటి వరంగల్ ఆర్ఈసీ లాంటి చోట సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లకే ఉండేవి కాబట్టి ఆ బ్యాచ్ దేశమంతా ఉంటుంది. అందుకే ఏడాది ముందు తేదీ ఖాయం చేసి, తలకింత అని చందా వేస్తారు. ఉన్నవాడు రెట్టింపు వేస్తాడు, ఇవ్వలేనివాడి పేరు బయటికి రాకుండా లెక్క సరిపెట్టడం ఆ నోట్‌బుక్ మనిషి పని.

కార్యక్రమం చాలావరకు ఒకే మూసలో ఉంటుంది. పాత లెక్చరర్లకు శాలువా, పండ్లు, జ్ఞాపిక. తర్వాత పాత తరగతి గదిలో బెంచీల మీద ఇరుక్కుని కూర్చోవడం. చాలాచోట్ల లెక్చరర్‌గారి చేత మళ్లీ హాజరు పిలిపిస్తారు. ‘ప్రెజెంట్ సార్’ అని అరవయ్యేళ్లవాళ్లు అరుస్తుంటే నవ్వులు. మధ్యలో ఒక నంబరుకు ఎవరూ పలకరు. లెక్చరర్ తలెత్తి చూసి, తర్వాతి నంబరుకు వెళ్తారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్యలు, భర్తలు తెలియని జోకులకు మర్యాదకు నవ్వుతూ ఒక మూల చేరతారు. రెండోసారికి కొన్ని బ్యాచ్‌లు కుటుంబాల్ని ఇంట్లోనే వదిలి రమ్మంటాయి. పాతికేళ్లకు రజతోత్సవం రాత్రి డ్యాన్సులతో రిసార్టులో జరిగితే, యాభయ్యేళ్లకు స్వర్ణోత్సవం పగటిపూట, లిఫ్టున్న హోటల్లో, పంచదార లేని స్వీటుతో జరుగుతుంది.

కొన్ని బ్యాచ్‌లు, కొన్ని సంఘాలు కలయికతో ఆగలేదు. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. దాని పూర్వ విద్యార్థులు ఉత్తర అమెరికాలో పెట్టుకున్న సంఘాన్ని తెలుగు పత్రికలు ‘జింకానా’ అంటాయి, ఇంగ్లిషు పేరులోని పొడి అక్షరాలు తెలుగు నోట్లో నాని అయిన మాట అది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో భవనాలకు ఆ సంఘం డాక్టర్లు నిధులిచ్చారు. చిన్న బ్యాచ్‌ల సాయం పేపరుకెక్కదు. పోయిన మిత్రుడి కూతురి ఇంజినీరింగు ఫీజు నాలుగేళ్లు పంచుకుని కట్టడం, పాత లెక్చరర్‌కు నెలనెలా మందులు పంపడం వంటివి. డబ్బు ఎవరెంత వేశారో గ్రూపులో రాయకూడదన్నది అలాంటిచోట అలిఖిత నియమం.

అరవై ఐదు దాటిన బ్యాచ్‌లో కబుర్ల తీరు మళ్లీ మారుతుంది. ‘ఓం శాంతి’ అని వరసగా నలభై సందేశాలు వచ్చాయంటే ఎవరో పోయారని పైకి జరిపి చూడకుండానే తెలిసిపోతుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్తారు. దూరాన ఉన్నవాళ్లు గ్రూప్ ఫొటోలో ఆ ముఖం పెద్దది చేసి పంపుతారు. ఆ తర్వాత అడ్మిన్‌కు ఒక ప్రశ్న మిగులుతుంది, పోయినవాడి నంబరును ఏం చేయాలని. ఫోన్ వాడకుండా పడి ఉంటే వాట్సాప్ మామూలుగా 120 రోజుల తర్వాత ఖాతా తీసేస్తుంది. సిమ్ రద్దయిన నంబరును టెలికం కంపెనీలు 90 రోజులు ఆగి మరొకరికి ఇవ్వొచ్చు. కొందరు అడ్మిన్లు పదకొండో రోజు దాటాక మెల్లగా తీసేస్తారు. కొందరు తీయరు. కొడుకో కూతురో తండ్రి ఫోన్ చార్జింగులో పెట్టి ఉంచితే, ఆ నంబరు జాబితాలో పాత ముద్దుపేరుతోనే ఉంటుంది. అతని పుట్టినరోజున తారీఖు చూసుకుని శుభాకాంక్షలు పెట్టి, తర్వాత గుర్తొచ్చి చెరిపేసినవాళ్ల సందేశాలు ‘తొలగించబడింది’ అన్న గుర్తుతో అక్కడే ఉండిపోతాయి.